తర్జుమా సరిచూసే మేనకోడలికి

తిరుపతి

చిరంజీవి అమ్మీకి,

కోర్టు కాగితాల తర్జుమాలు సరిచూసే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. చదవడానికి హాయిగా ఉంది కదా అని మాత్రం ఏ పేజీకీ టిక్కు పెట్టవద్దు. మూలం పక్కన పెట్టుకోకుండా చూస్తే తప్పు దొరకదు, బాగా రాసేవాళ్ల తప్పు అసలే దొరకదు.

ఇంకొకరిని కూర్చోబెట్టుకో. వాళ్లు మూలం పైకి చదువుతుంటే నువ్వు తర్జుమా మీద పెన్సిలు పెట్టుకుని వెంట పోవాలి. తేదీలు, సర్వే నంబర్లు, విస్తీర్ణం, చెక్కుబంది (నాలుగు వైపుల హద్దులు) ముందు.

కొలతల దగ్గర ఆగి చూడు. మన తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. 2022లో నాయుడుపేట వైపు మన జిల్లాలో కలిశాక రెండు అంకణాలూ ఒకే జిల్లా కాగితాల్లో కనబడుతున్నాయి. పనిలో చేరిన కొత్తలో నాయుడుపేట వైపు ఇంటి స్థలం దస్తావేజును ఇంగ్లీషులోకి మారుస్తూ, 20 అంకణాలను 720 చదరపు అడుగులని రాసేశాను. రాయాల్సింది 1,440. విచారణ రోజు వకీలు పట్టుకున్నాడు. "నా స్థలం సగమే ఉందంటారా నాయనా?" అని ఆ ముసలామె నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. అప్పటినుంచి అంకణాన్ని అంకణంగానే ఉంచాను. మూలంలో అడుగులు ఉంటేనే అడుగులు.

ఇక మాటలు. "వితౌట్ ప్రెజుడిస్ టు హిజ్ రైట్స్" అంటే "తన హక్కులకు భంగం కలగకుండా" అని. దాన్ని "పక్షపాతం లేకుండా" అని రాసుకొస్తారు, చూసుకో. "షల్" ఉన్నచోట "చేయవచ్చు" అని పడితే చేసి తీరాల్సింది కాస్తా ఇష్టమైతే చేసేదవుతుంది. డీకేటీ పట్టాను ఉత్త "పట్టా భూమి" అనడం ఇంకా ప్రమాదం. అది అసైన్డ్ భూమి, అంటే సర్కారు పేదలకు ఇచ్చింది, దాని బదిలీకి 1977 చట్టం అడ్డముంది. ఆ ముక్క తెలియక కొన్నవాడు మునిగిపోతాడమ్మా.

అచ్చుతప్పులుంటే దిద్ది వదిలెయ్. హక్కు, బాధ్యత, డబ్బు, గడువు, వీటిలో ఏది మారినా తిప్పి పంపు, రాసింది ఎంత పెద్దవాళ్లైనా సరే.

అనుమానమున్న పేజీలు, కక్షిదారుల పేర్లు కప్పేసి, మూలంతో సహా ఆదివారం తీసుకురా. మీ అత్త కూడా నిన్ను చూడాలంటోంది.

మామయ్య