పాప సీఎస్‌ఈ మూడో సంవత్సరం... ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది ఉండి దగ్గర పల్లెటూరండి. రొయ్యల చెరువులు చేస్తాం, కొంత సొంతం, కొంత లీజు. పాప భీమవరంలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. సీజీపీఏ 7.8, బ్యాక్‌లాగ్‌లు లేవు. అమెరికావాళ్లు మనకు పని ఇవ్వకుండా పన్ను వేస్తారంటున్నారు. పెద్ద కంపెనీలే జనాన్ని తీసేస్తున్నాయంటున్నారు. కాలేజీలో సీనియర్లకు చాలామందికి ఆఫర్లు రాలేదు. నాలుగు లక్షలు ఇస్తే హైదరాబాద్‌లో బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తానని బంధువుల ద్వారా ఒకాయన వచ్చాడు. మా బావమరిదేమో ఎకరం అమ్మి అమెరికా పంపెయ్యమంటున్నాడు. ఏం చెయ్యమంటారు? బాబు ఇంటర్ రెండో సంవత్సరం. వాణ్నీ సీఎస్‌ఈలోనే చేర్చాలా?

జవాబు: నమస్కారమండి. ముందు ఆ నాలుగు లక్షల సంగతి తేల్చేద్దాం. మిగతా విషయాలు ఆలోచించుకోవడానికి టైముంది. ఆ మనిషి మాత్రం రేపో ఎల్లుండో మళ్లీ మీ ఇంటికొస్తాడు.

ఇవ్వకండి. ఒక్క రూపాయి కూడా అడ్వాన్స్ ఇవ్వకండి. ‘ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే ఇవ్వండి’ అన్నా ఇవ్వకండి. లెటర్ తయారుచేసుకోవడం వాళ్లకు ఓ లెక్క కాదు. కొన్నిచోట్ల అద్దె గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టి, బోర్డు కట్టి, మీరిచ్చిన డబ్బులోంచే మూడు నాలుగు నెలలు మీ పిల్లకు జీతం వేస్తారు. ఆ తరవాత ఆఫీసుకు తాళం. ఇంకోరకం వాళ్లు చేయని ఉద్యోగానికి మూడేళ్ల అనుభవం సర్టిఫికెట్ పుట్టిస్తారు. ఇది ఇంకా ప్రమాదం. పెద్ద కంపెనీలు చేర్చుకున్నాక పాత ఉద్యోగాల వివరాలు ఏజెన్సీల చేత ఆరా తీయిస్తాయి. పీఎఫ్ యూఏఎన్ నంబరులో ఏ నెల ఎవరు డబ్బు కట్టారో స్పష్టంగా కనిపిస్తుంది. కాగితంలో మూడేళ్లుండి పీఎఫ్‌లో ఏమీ లేకపోతే దొరికిపోతారు. తీసేయడంతో అయిపోదు, ఆ మచ్చ తరవాతి కంపెనీలోనూ అడ్డం వస్తుంది. ఏ తప్పూ చేయని పిల్ల, 7.8 తెచ్చుకున్న పిల్ల, అబద్ధంతో ఉద్యోగం మొదలుపెట్టి రోజూ భయపడుతూ బతకాల్సిన అవసరం ఏముంది చెప్పండి?

ఇదే మనుషులు కొన్నాళ్లకు ‘బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ, కంబోడియాలో కంప్యూటర్ ఆపరేటర్’ అని కూడా వస్తారు. అలా వెళ్లిన మన తెలుగు పిల్లల్ని అక్కడ బంధించి సైబర్ మోసాలు చేయించారని 2024లో విశాఖ పోలీసులు ఏజెంట్లను పట్టుకున్నారు. ఈ మాట మీ ఊళ్లో మిగతా తల్లిదండ్రులకూ చెప్పండి.

ఇక మీ అసలు భయానికి వద్దాం, అమెరికావాళ్లు పని ఆపేస్తారా అన్నదానికి. బయటి దేశాలకు పని ఇచ్చే అమెరికా కంపెనీల చెల్లింపుల మీద 25 శాతం పన్ను వేయాలని 2025 సెప్టెంబరులో అక్కడి సెనేట్‌లో ఒక బిల్లు పెట్టిన మాట నిజం. ప్రతిపాదన వేరు, చట్టం వేరు. ఆ బిల్లు పేరు చెప్పి ఇక్కడ జనాన్ని కంగారు పెట్టడం మాత్రం ఎక్కువైంది. అయితే ధైర్యం చెప్పడం కోసం అంతా బాగానే ఉందనీ అనను. ఆ ఏడాది ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు గట్టు మీద కౌంటు రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి ఇచ్చే ధర) ఏమైందో మీరు కళ్లారా చూశారు. కొనేవాడు దూరాన ఉండి, రేటు వాడి చేతిలో ఉంటే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ పని కూడా అలాంటి ఎగుమతే.

అసలు మనకు ఈ పని ఎందుకొచ్చిందో చూడండి. 2000 సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయని అమెరికా, యూరప్ కంపెనీలు భయపడ్డాయి. లక్షల కొద్దీ ప్రోగ్రాముల్ని లైను లైనూ చూసి సరిచేయడానికి అక్కడ మనుషులు చాలలేదు, చాలినా ఖరీదు ఎక్కువ. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచింది 1998లోనే. తేదీల గొడవ తీరిపోయినా పని ఆగలేదు. బ్యాంకులు, బీమా కంపెనీలు తమ సిస్టమ్‌ల మరమ్మతులు, టెస్టింగ్, రాత్రిపూట సపోర్టు ఇక్కడికే ఇస్తూ వచ్చాయి. మన సర్వీస్ కంపెనీలు ఒక్కో మనిషికి గంటకింత అని లెక్కకట్టి బిల్లు వేసేవి. పైన అనుభవజ్ఞులు కొద్దిమంది, కింద ఫ్రెషర్లు వందల్లో. కింద ఎంత ఎక్కువమంది ఉంటే అంత లాభం. ఏ బ్రాంచి అయినా సరే, అరవై శాతం మార్కులుంటే చాలని బస్సుల్లో వచ్చి మన కాలేజీల్లో పిల్లల్ని తీసుకెళ్లింది అందుకే.

ఇప్పుడు కదిలింది ఆ కింది వరస. చిన్న చిన్న కోడు రాయడం, ఒకే రకం టెస్టులు మళ్లీమళ్లీ చేయడం, ఫిర్యాదు చూసి పై వాళ్లకు పంపడం లాంటి పనుల్లో పెద్ద భాగాన్ని ఏఐ పరికరాలు చేసేస్తున్నాయి. క్లయింటు కూడా ‘మీరు ఏఐ వాడుతున్నారుగా, మరి అంతమంది ఎందుకు? రేటు తగ్గించండి’ అంటున్నాడు. 2025 జులైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో సుమారు 2 శాతం, అంటే దాదాపు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. పోయినవి ఎక్కువగా మధ్య, పై స్థాయి ఉద్యోగాలని కూడా అప్పుడే చెప్పింది. అంటే పదిహేనేళ్లు పనిచేసినా కొత్తది నేర్చుకోకపోతే భరోసా లేదన్నమాట. పాపకు ఇప్పటి నుంచే తెలియాల్సింది ఇది.

2001లోనూ 2008 తరవాతా ఇలాగే గడ్డుకాలం వచ్చింది. అప్పటి బ్యాచ్‌లు ఏడాది రెండేళ్లు ఇబ్బందిపడ్డాక మళ్లీ పాత పద్ధతిలోనే ఉద్యోగాలు తెరుచుకున్నాయి. ఈసారి అలా జరుగుతుందని నేననుకోవడం లేదు. పని తగ్గదు, పెరుగుతుంది కూడా. ఆ పనికి కావలసిన తలల లెక్క మాత్రం పాతలా ఉండదు. దేశంలో ఐటీ మీద బతికేవాళ్లు 50 లక్షలకు పైనే ఉన్నారు, వాళ్లందరూ రోడ్డున పడరు. కొత్తగా లోపలికెళ్లే గుమ్మమే ఇరుకైంది.

ఇంకో మార్పు మన వార్తల్లో సరిగ్గా రావడం లేదు. విదేశీ బ్యాంకులు, మందుల కంపెనీలు, రిటైల్ కంపెనీలు మధ్యలో సర్వీస్ కంపెనీ లేకుండా తామే ఇక్కడ ఆఫీసులు పెట్టుకుంటున్నాయి. వీటిని జీసీసీలంటారు. దేశంలో 1,700కు పైగా ఉన్నాయి, హైదరాబాద్‌లో వందల్లో ఉన్నాయి. అంటే పని మొత్తం అమెరికాకు తిరిగిపోవడం లేదు, అందులో కొంత మాదాపూర్‌లోనే చేతులు మారుతోంది. కాకపోతే ఈ ఆఫీసులు భీమవరం, అమలాపురం కాలేజీలకు వచ్చి ఫ్రెషర్లను గంపగుత్తగా తీసుకెళ్లవు. రెండు మూడేళ్ల గట్టి అనుభవం ఉన్నవాళ్ల కోసం చూస్తాయి. అందుకే మొదటి ఉద్యోగం పేరున్న కంపెనీలోనే రావాలని పట్టుపట్టకండి. నలభై మందే ఉన్న చిన్న కంపెనీ అయినా సరే, నిజంగా కోడు రాయించేదైతే చాలు, అక్కడ రెండేళ్లు చేసి అటు మారవచ్చు. పెద్ద కంపెనీ బెంచీ మీద ఖాళీగా ఏడాది కూర్చోవడం కన్నా అదే మేలు.

ఇప్పుడు పాప సంగతి. ఈ మధ్య నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి రెజ్యూమెలో ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ అని ప్రాజెక్టు ఉంది. ఒకే పుస్తకం మూడు కాపీలుంటే నీ టేబుల్‌లో ఎలా రాశావు అని అడిగాను. తలొంచుకున్నాడు. ప్రాజెక్టు షాపులో కొన్నాడు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు రోజూ ఇలాంటి రెజ్యూమెలే వస్తాయి, రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

మీ పాపకు ప్రాజెక్టు కొనాల్సిన పనే లేదు, మీ చెరువులే ఉన్నాయి. మేత ఎంత వేశారో, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలిందో, తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంత ఉందో, శాంపిల్ కౌంటు ఎంతొచ్చిందో మీరు నోటుబుక్కులో రాస్తూనే ఉంటారుగా. అదే ఫోన్లో రాసుకునేలా ఒక చిన్న యాప్ చెయ్యమనండి. మొదలుపెట్టగానే అసలు చిక్కులు ఎదురవుతాయి. ఒకే చెరువులో ఏడాదికి రెండు పంటలు తీస్తే, మేత లెక్కని చెరువు పేరు మీద రాస్తే ఏ పంటదో తెలియదు. ‘పంట’ అని వేరే టేబుల్ పెట్టి, మేత దానికి కలపాలి. కాపలా అబ్బాయి బస్తాల్లో చెబుతాడు, ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పట్టిందన్న లెక్క) కట్టాలంటే కిలోలు కావాలి. చెరువు దగ్గర సిగ్నల్ ఉండదు, కాబట్టి ఫోన్లో దాచి, సిగ్నల్ వచ్చాక పంపాలి. పంపేటప్పుడు ఒకే లెక్క రెండుసార్లు పడితే? దాన్ని ఎలా ఆపాలి? ఈ నాలుగు చిక్కులూ విప్పిన పిల్ల ఇంటర్వ్యూలో కూర్చుంటే, అడిగేవాళ్లే ఆసక్తిగా ముందుకు వంగి వింటారు. కోడు రాయడంలో ఏఐ సాయం తీసుకోవచ్చు, కంపెనీల్లోనూ అదే చేస్తున్నారు. ప్రతి లైనూ ఎందుకుందో తను చెప్పగలగాలి, అంతే.

దీంతోపాటు ఒక భాష గట్టిగా పట్టమనండి, జావా గానీ పైథాన్ గానీ. నాలుగు భాషలు పైపైన వద్దు. డేటా స్ట్రక్చర్స్, ఎస్‌క్యూఎల్ రోజూ గంటన్నర చేతితో చెయ్యాలి, వీడియోలు చూస్తే చేసినట్టు కాదు. మూడో సంవత్సరం అయ్యాక వచ్చే సమ్మర్ ఇంటర్న్‌షిప్‌కి సర్టిఫికెట్ కొనుక్కోకుండా చిన్న కంపెనీలోనైనా నిజంగా పనిచేస్తే మంచిది. జీతం ఇవ్వకపోయినా ఫర్వాలేదు గానీ ఎదురు డబ్బు అడిగితే వద్దు. ఇంకోటి, మన డెల్టా పిల్లలకు విషయం తెలిసినా ఇంగ్లీషులో చెప్పడానికి జంకుతారు. తన ప్రాజెక్టు గురించి రోజూ పది నిమిషాలు ఇంగ్లీషులో పైకి మాట్లాడటం అలవాటు చేసుకోమనండి, అద్దం ముందైనా, స్నేహితురాలితోనైనా.

జీతాల గురించి కూడా ఒక మాట. పెద్ద సర్వీస్ కంపెనీల్లో మామూలు ఫ్రెషర్ ప్యాకేజీ ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూనే పదేళ్లకు పైగా ఆగిపోయింది. చేతికొచ్చేది నెలకు పాతిక వేలు అటూ ఇటూ, హైదరాబాద్‌లో హాస్టలూ తిండీ పోగా మిగిలేది తక్కువ. అదే కంపెనీల్లో కోడింగ్ పరీక్ష బాగా రాసినవాళ్లకు దాదాపు రెట్టింపు ఇచ్చే వరస వేరే ఉంది. టీసీఎస్‌లో మామూలు వరసను నింజా అనీ, ఆ పై వరసల్ని డిజిటల్, ప్రైమ్ అనీ పిలుస్తారు. పాప గురి డిజిటల్ మీద ఉండాలి, నింజా వచ్చినా కాదనక్కర్లేదు. ఆఫర్ వచ్చాక జాయినింగ్ నెలల తరబడి ఆలస్యం కావడం మామూలైపోయింది, కాబట్టి ఒక ఆఫర్ చేతికి రాగానే ప్రయత్నాలు ఆపొద్దు.

అమెరికా చదువు ఇప్పుడు వద్దంటాను. ఎమ్మెస్‌కి ఖర్చులన్నీ కలిపి నలభై లక్షలు దాటుతుంది. చదువయ్యాక ఓపీటీ కింద ఏడాది, సాంకేతిక చదువులకు మరో రెండేళ్లు పనిచేయనిస్తారు. ఆపైన హెచ్-1బీ ఉద్యోగ వీసా కావాలి. అది కంపెనీల కోటాలో ఏడాదికి 85 వేలే. 2025 సెప్టెంబరు నుంచి బయటి దేశం నుంచి కొత్తగా తీసుకొచ్చే ఉద్యోగికి లక్ష డాలర్ల రుసుము పెట్టారు. అక్కడే చదివి వీసా మార్చుకునేవాళ్లకు అది వర్తించదని తరవాత వివరణ ఇచ్చారు గానీ, ఒక ప్రకటనతో నియమాలు మారే చోటికి ఎకరం అమ్మి పంపడం నాకు మింగుడు పడదు. మీ ఆదాయం ఇప్పటికే అమెరికా సుంకాల మీద ఆధారపడి ఉంది. పాప చదువు అప్పు కూడా దాని మీదే పెడితే ఇంట్లో రెండు కష్టాలూ ఒకేసారి వస్తాయి. రెండేళ్లు ఇక్కడ పనిచేశాక, మంచి యూనివర్సిటీలో సీటొస్తే, అప్పుడు తనే లెక్క వేసుకుంటుంది.

బ్యాంకుల్లో ఐటీ ఆఫీసర్ పోస్టులకు ఐబీపీఎస్ పరీక్ష ఉంది, గేట్ రాస్తే ఐఐటీ, ఎన్ఐటీల్లో ఎంటెక్‌కి దారి ఉంది. ఇష్టముంటే రాయొచ్చు, ఎలాగూ చదివేది అవే సబ్జెక్టులు. విశాఖలో గూగుల్ డేటా సెంటర్ వస్తోందనీ అందులో వేసేస్తారనీ ఎవరైనా అంటే, డేటా సెంటర్‌లో పెట్టుబడి వేల కోట్లున్నా లోపల పనిచేసే మనుషులు తక్కువని గుర్తుంచుకోండి. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

ఇంత రాశారు గానీ, పాప ఏమంటోందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదండి. ఆ నాలుగు లక్షల బేరం తనకు తెలుసా? అమెరికా వెళ్లాలని తనకుందా? ఈ వారమే కూర్చోబెట్టి అడగండి. ఉద్యోగం రాకపోతే పెళ్లి చేసేస్తామన్న మాట ఇంట్లో ఎవరైనా అంటుంటే ఈ ఏడాదిన్నర దాన్ని పక్కన పెట్టించండి. ఆ టెన్షన్‌తో ఏ పిల్లా చదవలేదు.

బాబు విషయం. జేఈఈ మెయిన్ శ్రద్ధగా రాయించండి, తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే. అక్కడ ఈసీఈ వచ్చినా, ఈఈఈ వచ్చినా, ఊరూపేరూ లేని కాలేజీలో లక్షలు పోసి కొనే సీఎస్‌ఈ సీటు కన్నా నయం. ఈఏపీసెట్ ర్యాంకుతోనే చేర్చాల్సి వస్తే బ్రాంచి పేరు వెనక ‘ఏఐ’, ‘డేటా సైన్స్’ అని తగిలించారా లేదా అన్నది పట్టించుకోకండి. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక శనివారం ఆ కాలేజీకి వెళ్లి, ఆఫీసులో బ్రోషర్ అడగకుండా క్యాంటీన్‌లో ఫైనలియర్ పిల్లల్ని అడగండి: క్లాసులో ఎంతమందికి వచ్చింది, ఏ కంపెనీ, జీతమెంత, జాయిన్ అయ్యారా లేదా అని.