నర్సింగ్ అధ్యాపకులు ప్రపంచవ్యాప్తంగా ఎదుర్కొంటున్న సవాళ్లు ఏమిటి?

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద సవాలు అధ్యాపకుల కొరతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచంలో సుమారు 2.98 కోట్ల మంది నర్సులు ఉండగా, మరో 58 లక్షల మంది అవసరం ఉంది. ఈ లోటు తీరాలంటే ముందుగా వారికి బోధించేవారు కావాలి. అయితే బోధనకు స్నాతకోత్తర పట్టా, కొన్నిచోట్ల డాక్టరేట్ కూడా అడుగుతూ, అనుభవం ఉన్న నర్సుకు ఆసుపత్రిలో దక్కే జీతంకన్నా తక్కువ ఇవ్వడం వల్ల అనేక దేశాల్లో సమర్థులు తరగతి గది వైపు రావడం లేదు. అమెరికాలో అర్హులైన అభ్యర్థుల దరఖాస్తులను కూడా నర్సింగ్ కళాశాలలు ఏటా వేల సంఖ్యలో తిరస్కరించడానికి అధ్యాపకులు, శిక్షణ స్థలాలు చాలకపోవడం ముఖ్య కారణం.

రెండవది ఆసుపత్రి శిక్షణ. వార్డులో విద్యార్థి చేసే ప్రతి పనిపైనా రోగి భద్రత ఆధారపడి ఉంటుంది కనుక, అధ్యాపకులు ఏకకాలంలో విద్యార్థినీ రోగినీ కనిపెట్టుకొని ఉండాలి. పరీక్షల్లో మార్కులు వేయడంకన్నా ఇది ఎంతో కష్టమైన బాధ్యత, దానికి దక్కవలసిన గుర్తింపు మాత్రం దక్కడం లేదు. శిక్షణ స్థలాల కొరతను తగ్గించడానికి బొమ్మ రోగులతో కృత్రిమ శిక్షణ పెరుగుతోంది. బ్రిటన్‌లో 2,300 గంటల ఆచరణాత్మక శిక్షణలో 600 గంటల వరకు ఇలా నేర్పేందుకు 2023లో వీలు కల్పించారు. కానీ ఆ పరికరాలు ఖరీదైనవి, పేద దేశాల కళాశాలలకు అందుబాటులో లేవు. పైగా ఆ దేశాల నుంచి అనుభవజ్ఞులైన నర్సులు మెరుగైన జీతాల కోసం వలస వెళ్లినప్పుడు, రేపటి అధ్యాపకులు కూడా వారితోపాటే వెళ్లిపోతున్నారు.