లేత్ దగ్గర సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంట్లోనే లేత్ (లోహపు ముక్కని తిప్పుతూ టూలుతో కోసే యంత్రం) పెట్టుకుని చిన్న స్టీమ్ ఇంజిన్లు చేసుకునేవాళ్ళ శీర్షిక ఇది. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో తుప్పు గురించినవే ఎక్కువ. విశాఖలో వానాకాలం, ఇంకేం అడుగుతారు? అందుకని దాంతోనే మొదలుపెడుతున్నాను. బాయిలర్ ప్రశ్నకి జవాబు కాస్త పొడుగైంది, అది కుదించే విషయం కాదు.

ప్రశ్న: మా ఫ్లాటు ఎంవీపీ కాలనీలో, బీచ్‌కి దగ్గర. బాల్కనీకి అద్దాలు బిగించి చిన్న బెంచ్ లేత్ పెట్టుకున్నాను. రోజూ నూనె గుడ్డతో తుడుస్తున్నా చక్ (ముక్కని పట్టి తిప్పే భాగం) మీద, బెడ్ (కింది ఇనుప పట్టాలు) మీద ఎర్ర మచ్చలు వస్తూనే ఉన్నాయి. ఏసీ పెట్టించమంటారా?

ఏసీ వద్దండీ, ఆ డబ్బుతో మంచి మైక్రోమీటర్ కొనుక్కోండి. మీ దగ్గర పేచీ ఒట్టి తేమతో కాదు, ఉప్పుతో. సముద్రపు గాలిలో వచ్చిన ఉప్పు ఇనుము మీద కంటికి కనపడని పొరలా పేరుకుంటుంది, అది గాలిలోని తేమని తనే లాక్కుంటుంది, కాబట్టి మీకు పొడిగా అనిపించిన రోజున కూడా ఆ పొర కింద తడి ఉంటుంది. దాని మీద నూనె రాస్తే ఉప్పుని లోపల పెట్టి మూత వేసినట్టే. ముందు కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో గట్టిగా తుడిచి, ఆ గుడ్డ అవతల పారేసి, వేరే గుడ్డతో నూనె పట్టించండి. నూనె కూడా బైక్ ఇంజిన్ ఆయిల్ కాదు, అది జారిపోతుంది. ఆటోనగర్‌లో ఆయిల్ షాపుల్లో 68 నంబరు స్లైడ్‌వే ఆయిల్ అని అడగండి, అది అతుక్కుని ఉంటుంది. నెలల తరబడి ముట్టుకోని టూల్స్‌కి గ్రీజో, పెట్రోలియం జెల్లీయో పూయండి.

రెండోది మంచు. తెల్లవారుజామున ఇనుము చల్లగా ఉంటుంది, మీరు తలుపు తీయగానే తేమ గాలి వచ్చి దాని మీద నీరవుతుంది. ఇనుము గాలి కంటే రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉంటే చాలు, ఈ బాధ ఉండదు. లేత్ కింద ట్రేలో పాతకాలం 40 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒకటి, గుడ్డకి తగలకుండా జాలీ పెట్టి వెలిగించి ఉంచండి (ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు, దానికి వేడి చాలదు). పైన కప్పేది నూలు గుడ్డే కావాలి. ప్లాస్టిక్ షీటు కప్పితే తేమ లోపలే ఉండిపోతుంది.

ఇంకొకటి. ఆ బాల్కనీలోనే బాత్రూం యాసిడ్ సీసా ఉంటే ఇవాళే తీసేయండి. మూత ఎంత గట్టిగా బిగించినా ఆవిరి బయటికొస్తుంది, ఆ గదిలో ఇనుమన్నది బతకదు. చాలా ఇళ్ళలో అసలు దొంగ అదే.

ప్రశ్న: గాజువాక నుంచి రాస్తున్నాను. 25 మి.మీ. మైల్డ్ స్టీల్ రాడ్డు పార్టింగ్ (లేత్ మీద తిప్పుతూ ముక్కగా తెంపడం) చేస్తుంటే టూలు కీచుమని వణుకుతుంది, చివరికి టక్కున విరుగుతుంది. కార్బైడ్ టూలు కొంటే సమస్య పోతుందా?

పోదు, డబ్బు పోతుంది. వణికే చోట కార్బైడ్ ఇంకా త్వరగా పగులుతుంది. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బ్లేడుతోనే ఉండండి.

స్పీడు లెక్క ముందు చూడండి. హెచ్‌ఎస్‌ఎస్‌తో మైల్డ్ స్టీల్‌కి నిమిషానికి 25 మీటర్ల కటింగ్ స్పీడు అనుకుంటే, 25ని 318తో గుణించి రాడ్డు వ్యాసంతో (మి.మీ.లో) భాగించండి. మీ రాడ్డు వ్యాసం కూడా 25 కాబట్టి 318 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వస్తుంది. అది మామూలు టర్నింగ్‌కి. పార్టింగ్‌కి అందులో సగం, అంటే 150, 160 చాలు. అందరూ చేసే పొరపాటు ఏమిటంటే టూలు అరవగానే భయపడి ఫీడ్ (టూలుని లోపలికి నెట్టే వేగం) తగ్గించేస్తారు, అప్పుడు టూలు కోయడం మానేసి రుద్దుతుంది, రుద్దితే ఇంకా అరుస్తుంది. స్పీడు తగ్గించండి, ఫీడ్ మాత్రం ధైర్యంగా, ఆపకుండా ఇవ్వండి, నూనె చుక్కలు పడుతూ ఉండాలి.

బ్లేడు బయటికి ఎంత వచ్చి ఉందో చూసుకోండి. మీకు కావలసింది 12.5 మి.మీ., ఇంకో రెండు మూడు మి.మీ. వదిలితే చాలు. చక్‌కి ఎంత దగ్గరగా కోస్తే అంత మంచిది. శాడిల్ (టూలుని మోసే బండి) లాక్ చెయ్యండి, క్రాస్ స్లైడ్ (టూలుని అడ్డంగా జరిపేది) గిబ్‌లు, అంటే వదులు తీసే పట్టీలు, బిగించండి, బ్లేడు అంచు సరిగ్గా సెంటర్ ఎత్తులో ఉందా, రాడ్డుకి లంబంగా ఉందా చూడండి. రాడ్డు రెండో చివర టెయిల్‌స్టాక్ సెంటర్ (ఆనుడు మొన) ఆనించి పూర్తిగా కోయకండి, తెగేముందు ముక్క వంగి బ్లేడుని నొక్కేస్తుంది. ఇవన్నీ చేసినా మీ చిన్న లేత్ తట్టుకోలేకపోతే హాక్సాతో కోసి ఫేసింగ్ (కోసిన ముఖాన్ని లేత్ మీద చదును చేయడం) చేసుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ప్రశ్న: నేను డిప్లొమా విద్యార్థిని, అనకాపల్లి. నా దగ్గరున్న స్టీమ్ ఇంజిన్ డ్రాయింగ్ ఇంగ్లండుది, కొలతలన్నీ అంగుళాల్లో, మరలు బీఏలో (పాత బ్రిటిష్ మర కొలత). బీఏ ట్యాపులు (రంధ్రంలో మర కోసే పనిముట్లు) ఎక్కడా దొరకడం లేదు.

వాటి కోసం తిరగకు తమ్ముడూ. 8బీఏకి మెట్రిక్ మర ఎం2, 6బీఏకి ఎం3, 4బీఏకి ఎం4, 2బీఏకి ఎం5 వేసెయ్. ట్యాపుకి ముందు డ్రిల్లు ఎం2కి 1.6, ఎం3కి 2.5, ఎం4కి 3.3, ఎం5కి 4.2 మి.మీ. ఒక్క విషయం, ఎం3 బోల్టు తల 5.5 మి.మీ. ఉంటుంది, 6బీఏ తల 4.9 మాత్రమే, కాబట్టి చిన్న ఫ్లేంజి (బోల్టులు పట్టే అంచు) మీద తలలు ఒకదానికొకటి తగులుకుంటాయి. ముందే కాగితం మీద గీసి చూసుకో.

అంగుళాల సంగతికి మంచి కిటుకు ఉంది. అంగుళాన్ని 25.4 అనుకోకుండా 24 మి.మీ. అనుకో. పావు అంగుళం 6 అవుతుంది, అర అంగుళం 12, అంగుళంలో ఎనిమిదో వంతు 3, పదహారో వంతు 1.5. అన్నీ మన షాపుల్లో దొరికే సైజులు. ఇంజిన్ మొత్తం ఒకే లెక్కన కొంచెం చిన్నదవుతుంది, అంతే. ఒక్కో కొలతనీ విడివిడిగా దగ్గరి మి.మీ.కి సవరించావంటే ఆసిలేటింగ్ (అటూ ఇటూ ఊగే) సిలిండర్‌లో పోర్టులు (ఆవిరి రంధ్రాలు) కలవవు. బాయిలర్ రేకు మందం మాత్రం ఇలా తగ్గించకు.

ప్రశ్న: గోపాలపట్నం. 75 మి.మీ. రాగి గొట్టంతో చిన్న బాయిలర్ చేశాను, గోడ మందం 1.5 మి.మీ. రెండు వైపులా బల్లపరుపు రాగి మూతలు పెట్టి, ఎలక్ట్రానిక్స్ సోల్డర్‌తో అతికాను. బుష్‌లు (గొట్టాలు బిగించే మర రింగులు) ఇత్తడివి. సైకిల్ పంపుతో గాలి కొట్టి చూశాను, లీకు లేదు. 4 కిలోల ప్రెజర్‌లో నడపవచ్చా?

నడపకండి. దయచేసి పొయ్యి మీద పెట్టకండి. గాలి కూడా ఇంకోసారి కొట్టకండి.

మీ మూత వైశాల్యం సుమారు 44 చదరపు సెం.మీ. చదరపు సెం.మీ.కి 4 కిలోలంటే ఒక్కో మూత మీద 177 కిలోల తోపు. ముగ్గురు మనుషులు ఎక్కి నిలబడ్డట్టు. గొట్టం గోడకి ఏమీ కాదు, దానికి బోలెడు బలం ఉంది. బరువంతా పడేది బల్లపరుపు మూతల మీద, ఆ అతుకుల మీద. ఇక వేడి సంగతి. ఆ ప్రెజర్ దగ్గర ఆవిరి వేడి 152 డిగ్రీలు. మీరు వాడిన తగరం, సీసం సోల్డర్ 183 దగ్గర కరిగిపోతుంది, అంతకు చాలా ముందే మెత్తబడి మెల్లగా సాగుతుంది. లోపల నీళ్ళు తగ్గి ఒకచోట రాగి ఎండిందా, అక్కడ 183 దాటడానికి ఎంతోసేపు పట్టదు. చల్లగా ఉన్నప్పుడు లీకు లేదన్న మాటకి ఇక్కడ విలువే లేదు.

మళ్ళీ చెయ్యండి, సిల్వర్ సోల్డర్‌తో, కొత్త రాగితో. పాత సోల్డర్ తగిలిన రాగిని వాడొద్దు, కొంచెం సీసం మిగిలినా సిల్వర్ సోల్డర్ అతుకు చెడుతుంది. 55 శాతం వెండి ఉన్న, కాడ్మియం లేని కడ్డీ అడిగి తీసుకోండి, అది 630 నుంచి 660 డిగ్రీల మధ్య కరుగుతుంది. ఫ్లక్స్‌గా (అతుకుని శుభ్రంగా ఉంచే మందు) కంసాలి దగ్గర వెలిగారం అడిగి తెచ్చుకుంటే చాలని కొందరు చెబుతారు, కానీ వెలిగారం కరిగేదే 740 దాటాక, అప్పటికి మీ సోల్డర్ ఎప్పుడో కరిగి ఉంటుంది, ఫ్లక్స్ పని మొదలుపెట్టదు. ఈ కడ్డీకి ఫ్లోరైడ్ ఫ్లక్స్ కావాలి. దాని పొగ మంచిది కాదు, డాబా మీద గాలికి ఎదురుగా కాకుండా నిలబడి చేసుకోండి. రాగి వేడిని లాగేస్తుంది కాబట్టి చిన్న టార్చ్ చాలదు, చుట్టూ ఫైర్ బ్రిక్స్ పేర్చి పెద్ద ఎల్‌పీజీ బర్నర్‌తో మొత్తం ఎర్రబడేలా కాచండి. అతుకులో సందు 0.1 మి.మీ. దగ్గర ఉంటే సోల్డర్ తనంతట తనే లోపలికి పాకుతుంది. అయ్యాక చల్లారనిచ్చి, నిమ్మ ఉప్పు కలిపిన వేణ్ణీళ్ళలో వేస్తే నలుపంతా పోతుంది.

మూతలు బల్లపరుపుగా వద్దు, అంచు మడిచి ఫ్లేంజి చెయ్యండి. సుత్తి దెబ్బలకి రాగి గట్టిపడుతుంది, గట్టిపడిందనిపించిన ప్రతిసారీ ఎర్రగా కాచి మెత్తబరచుకోవాలి. రెండు మూతలనీ కలుపుతూ మధ్యలో ఒక స్టే రాడ్డు వెయ్యండి. బుష్‌లు కంచువో గన్‌మెటల్‌వో పెట్టండి. ఇత్తడిలోని జింక్ వేడినీళ్ళకి క్రమంగా కరిగిపోయి, మిగిలింది బెరడులా పెళుసవుతుంది.

టెస్ట్ ఎప్పుడూ చల్లటి నీళ్ళతోనే. లోపల గాలి బుడగ లేకుండా నిండా నింపి, చేతి పంపుతో 8 కిలోల దాకా ఎక్కించి, కాసేపు ఉంచి, లీకులు చూడండి, ముందూ తర్వాతా వ్యాసం కొలిచి ఉబ్బిందేమో చూడండి. నీరు దాదాపు నొక్కుకోదు కాబట్టి అతుకు వీడినా చిమ్మి ఊరుకుంటుంది, అదే గాలైతే పేలుతుంది. సేఫ్టీ వాల్వ్ 4 కిలోల దగ్గర తెరుచుకుని, మంట పూర్తిగా ఉన్నా ప్రెజర్ పెరగకుండా ఆపాలి. ఆ పరీక్ష విడిగా చెయ్యాలి.

మన దేశంలో బాయిలర్ల చట్టం 25 లీటర్ల లోపు వాటికి వర్తించదు. అంటే మీ ఇంటికి ఇన్‌స్పెక్టర్ రాడు. ఆ పని కూడా మీదే.

ప్రశ్న: ఇత్తడిలో డ్రిల్లు వేస్తుంటే బిట్ లాక్కుపోయి ముక్క గిర్రున తిరుగుతోంది.

స్టీల్ కోసం సానపట్టిన బిట్ ఇత్తడిలోకి స్క్రూలా దూరుతుంది. చిన్న ఆయిల్ స్టోన్‌తో బిట్ రెండు అంచులనీ నిలువుగా కాస్త చదును చెయ్యండి, లాగడం ఆగిపోతుంది. ఆ బిట్ ఇత్తడికే వేరుగా ఉంచుకోండి. ముక్కని చేత్తో పట్టుకోవడం మాత్రం ఇవాళ్టి నుంచి మానేయండి.

ప్రశ్న: లేత్ దగ్గర మా ఆయన గ్లౌజులు వేసుకుంటారు, సేఫ్టీ అంటారు. నిజమేనా?

కాదమ్మా. తిరిగే యంత్రం దగ్గర గ్లౌజులు ప్రమాదం, చక్ పట్టుకుందంటే చెయ్యి కూడా వెళుతుంది. లుంగీ, పొడుగు చేతుల చొక్కా, మెడలో గొలుసు కూడా వద్దు. చేతికి గుళ్ళో కట్టిన దారాలుంటే అవీ తీయించండి. దారమే కదా అంటారు, పది దారాలు పేనితే తెగదు. కళ్ళద్దాలు పెట్టుకోమనండి, అది అసలు సేఫ్టీ.

ప్రశ్న: నా ఆసిలేటింగ్ ఇంజిన్ కంప్రెసర్ గాలితో చక్కగా తిరుగుతుంది. స్టీమ్ ఇస్తే కాసేపు తిరిగి బిగుసుకుంటోంది. సిలిండర్ పోత ఇనుము, బోరు (లోపలి వ్యాసం) 20 మి.మీ., పిస్టన్ అల్యూమినియం. చల్లారాక మళ్ళీ మామూలే. (పెందుర్తి)

జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. వేడి 100 డిగ్రీలు పెరిగితే 20 మి.మీ. అల్యూమినియం 0.046 మి.మీ. పెరుగుతుంది, పోత ఇనుము 0.021. తేడా 0.025. గాలికి లీకు కాకూడదని మీరు పిస్టన్‌ని అంతకంటే బిగువుగా చేసి ఉంటారు. పోత ఇనుముతోనే పిస్టన్ చేసుకోండి, రెండూ సమానంగా పెరుగుతాయి.

అది మార్చాక కూడా మొదటి నిమిషం ఇబ్బంది పెట్టవచ్చు, చల్లటి సిలిండర్‌లో ఆవిరి నీరైపోతుంది మరి. ఫ్లైవీల్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ సిలిండర్ వేడెక్కనివ్వండి. మీది ఆసిలేటింగ్ రకం కాబట్టి నీరు చేరితే సిలిండరే స్ప్రింగ్ మీద లేచి వదిలేస్తుంది, పిస్టన్ వాల్వ్ ఇంజిన్‌కి ఆ వెసులుబాటు లేదు, వాటికి డ్రెయిన్ కాక్ (నీరు వదిలే కుళాయి) తప్పదు. బాయిలర్ నుంచి గొట్టం పొట్టిగా ఉంచి, దాని చుట్టూ నూలు తాడు దగ్గరగా చుట్టండి. నూనె విషయంలో, బైక్ ఆయిల్ వేడినీళ్ళతో కలిసి తెల్లటి నురగై కొట్టుకుపోతుంది. 460 గ్రేడ్ స్టీమ్ సిలిండర్ ఆయిల్ కావాలి. పిస్టన్ మార్చి నడిపాక ఎలా ఉందో రాయండి, ఇంకా బిగుస్తుంటే సిలిండర్ కొలతలు కూడా పంపండి.