మీ ప్రశ్నలకు సమాధానాలు: బడి గ్రంథాలయం, పిల్లల చదువు, రాత

ప్రశ్న: గుంటూరులోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తున్నాను. ఈ సంవత్సరం నుంచి గ్రంథాలయ బాధ్యత కూడా నాకు అప్పగించారు. మూడు బీరువాల పుస్తకాలు ఉన్నాయి కాని, ఏదైనా పోతే నేనే జవాబు చెప్పుకోవాలన్న భయంతో తాళం తీయలేకపోతున్నాను. వారానికి ఒక గ్రంథాలయ పిరియడ్ ఉన్నా, అది తరచుగా లెక్కల పిరియడ్‌గా మారిపోతోంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు సొంతంగా పది వాక్యాలు రాయలేక గైడులో ఉన్నది ఉన్నట్టు దించుతున్నారు. వీరి కోసం నేను ఏమి చేయగలను?
— ఒక ఉపాధ్యాయిని, గుంటూరు

సమాధానం: అమ్మా, ముందు ఆ తాళం గురించే మాట్లాడుకుందాం. పాఠశాల గ్రంథాలయంలో చేరిన తొలి రెండేళ్లు నేను కూడా బీరువాలకు తాళం వేసే ఉంచాను. స్టాక్ సరిచూసినప్పుడు ఒక్క పుస్తకమూ తగ్గలేదు. ఇష్యూ రిజిస్టరులో మాత్రం పేజీలు ఖాళీగా మిగిలాయి. ఆ రెండేళ్లలో పదో తరగతి దాటి వెళ్లిన పిల్లలకు జరిగిన నష్టం ఏ లెక్కలోనూ కనిపించలేదు, కాని అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. కాబట్టి చిరిగిన పుస్తకాలనూ, పోయిన పుస్తకాలనూ ఏటా ఏ విధంగా లెక్కలోంచి తొలగించాలో ప్రధానోపాధ్యాయుల వారితో ముందే మాట్లాడి, ఆ నిర్ణయాన్ని కాగితం మీద పెట్టించుకోండి. 1935లో మీ ఉమ్మడి గుంటూరు జిల్లాలోనే గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. తడిసిపోతాయనో, తిరిగి రావనో అనుకుని ఉంటే ఆ పుస్తకాలు ఒడ్డు దాటేవి కావు.

తాళం తీసిన తరువాత అసలు పని మొదలవుతుంది. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ పంచసూత్రాలలో, ప్రతి పాఠకునికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అన్నవి రెండు. బడిలో ఇవి నిజం కావాలంటే గ్రంథాలయం చూసేవారు పిల్లలను పేరు పేరునా చదువరులుగా తెలుసుకోవాలి. ఒక నోటుపుస్తకంలో పిల్లకు ఒక పేజీ కేటాయించి, ఏ పుస్తకం తీసుకున్నదో, ఎక్కడ ఆపేసిందో, ఎందుకు ఆపేసిందో రెండు ముక్కల్లో రాసుకోండి. నాలుగు పేజీలు చదివి పుస్తకం తిరిగి ఇచ్చిన పిల్లవాడిని సోమరి అనుకోవద్దు. మాటలు బరువైనవో, అచ్చు మరీ చిన్నదో, కథ వాడికి పట్టనిదో అయి ఉంటుంది.

తొమ్మిదో తరగతికి వచ్చినా కూడబలుక్కుని చదివే పిల్లలు మీ దగ్గరా ఉంటారు. వారికి చిన్న తరగతుల బొమ్మల కథలు ఇస్తే సిగ్గుపడతారు. ఆరో తరగతి పిల్లలకు ఈ కథ చదివి వినిపించాలి, రెండు రోజులు సాధన చేసి రా అని అదే పుస్తకం ఇస్తే గౌరవంగా తీసుకుంటారు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు చదువు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి. వాటిని అచ్చు తీసి కుట్టించి ఇవ్వవచ్చు.

ఇక రాత. చదివిన ప్రతి పుస్తకానికీ సారాంశం, నీతి రాయమని అడగవద్దని నా మనవి, ఎందుకంటే అలా అడిగితే పిల్లలు ఆ నాలుగు వాక్యాల కోసమే చదువుతారు, వాటిని కూడా పక్కవాడి పుస్తకంలోంచి దించుతారు. దానికి బదులు, పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు దానిని తరువాత చదవబోయే వారికి రెండు మాటలు చీటీ మీద రాసి లోపల పెట్టమనండి. ఎక్కడ నవ్వు వచ్చింది, ఏ పేజీ దగ్గర విసుగు పుట్టింది, అంతే. ఆ చీటీని నిజంగా చదివేవారు ఉంటారు కనుక రాసేవారికి ఒక్కో మాటా ఎంచుకోవాలని తోస్తుంది.

గైడులో లేని విషయం ఇస్తే దించడానికి ఏమీ ఉండదు. మీ ఊరి మిర్చి యార్డుకు కూలికి వెళ్లే తల్లుల పిల్లలు మీ తరగతిలోనూ ఉండవచ్చు. తొడిమలు తీసే పని ఎలా జరుగుతుంది, చేతులు ఎంతసేపు మండుతాయి, ఆ మంట తగ్గడానికి ఇంట్లో ఏమి రాసుకుంటారు అన్నవి వారికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? మొదటి ప్రతి మీద ఎర్ర సిరా పెట్టకండి. విషయం పూర్తిగా బయటికి వచ్చాక రెండోసారి కూర్చుని ఒత్తులు, దీర్ఘాలు దిద్దండి. నిఘంటువు అప్పుడు చేతికివ్వండి. ‘క్ష’తో మొదలయ్యే మాటను ‘క’ కింద వెతకాలని తెలియక ఆగిపోయిన పిల్లలను ఎందరినో చూశాను. సమాచారం సేకరించే వ్యాసమైతే పుస్తకం మూసి రాయాలనీ, ఏ పుస్తకంలో చూశారో చివర పేర్కొనాలనీ నియమం పెట్టండి. బాగా వచ్చినవాటిని గోడపత్రికలో పెట్టండి.

పిరియడ్ విషయానికి వస్తే, ఆ గంటలో ఎవరు ఏమి చదివారో, ఏమి రాశారో నెలకొకసారి స్టాఫ్ రూములో అతికించండి. పని కళ్లకు కనిపిస్తే ఆ గంటను అడగడానికి తోటి ఉపాధ్యాయులు కొంత సంకోచిస్తారు.

ప్రశ్న: ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయి బడి గ్రంథాలయం నుంచి క్రికెట్ పుస్తకాలు, బొమ్మల కథలు తప్ప మరేమీ తేవడం లేదు. అక్కడి మేడం గారు అభ్యంతరం చెప్పడం లేదు. నేను చెప్పవచ్చా?
— ఒక తండ్రి, విజయవాడ

సమాధానం: చెప్పవద్దు. ఆ మేడం గారు సరిగానే చేస్తున్నారు. ఇష్టమైనది పేజీల కొద్దీ చదివితేనే చదువు వేగం అందుకుంటుంది. వాడు చదివిన ఆట గురించి మీరు అడగండి, వాడిని చెప్పనివ్వండి. జనవరి తొలి రోజులలో మీ నగరంలో జరిగే పుస్తక మహోత్సవానికి తీసుకువెళ్లి, కొంత డబ్బు వాడి చేతికిచ్చి, వాడు ఏది ఎంచుకుంటాడో పక్కన నిలబడి చూడండి.