పిన్నిగారి వంటిల్లు: సాంబారు కోసం కారైకుడి దాకానా?

ప్రశ్న: పిన్నిగారూ, మాది బరంపురం. ఈ చలికాలం అత్తగారిని తీసుకుని రామేశ్వరం వెళ్తున్నాం. దారిలో కారైకుడిలో దిగి, అక్కడి చెట్టియార్లనే వ్యాపారుల పాత ఇళ్ళలో నేర్పే చెట్టినాడు వంట క్లాసులో ఒక పూట కూర్చోవాలని నా కోరిక. "సాంబారు నేర్చుకోవడానికి అంత దూరమా, ఆ డబ్బుతో ఒక చీర వస్తుంది" అంటారు అత్తగారు. యూట్యూబ్‌లో లేనిదేముంది అంటారు మా ఆయన. మేం మాంసం ముట్టం. తమిళం ఒక్క ముక్క రాదు. వెళ్ళమంటారా?
– ఒక కోడలు, బరంపురం

జవాబు: వెళ్ళమ్మా. తిరుచ్చి నుంచి రామేశ్వరం పోయే రైలు దారిలోనే కారైకుడి ఉంది, పెద్దగా చుట్టు తిరగక్కర్లేదు. నీ రైలు అక్కడ ఆగుతుందో లేదో మాత్రం టికెట్ తీసేముందు చూసుకో.

అయితే సాంబారు, రసం, అవియల్ నేర్పుతామంటే డబ్బు కట్టకు. ఆ విషయంలో మీ అత్తగారి మాటే నిజం. కట్టేముందు ఇంకొకటి అడుగు: నూరడం, తాళింపు పెట్టడం నా చేత చేయిస్తారా అని. టూరిస్టుల కోసం నడిపే కొన్ని క్లాసుల్లో కూరలు తరిగేసి, దినుసులన్నీ చిన్న చిన్న గిన్నెల్లో కొలిచి పెట్టేసి ఉంచుతారు. గరిటె పట్టుకుని ఫొటో దిగడం ఒక్కటే మన పని. ఒక ఊళ్ళో నేనూ అలాగే ఏప్రన్ కట్టుకుని గంటసేపు తలూపి వచ్చాను. భోజనం బాగుంది, అంతే.

కారైకుడి పక్కన కానాడుకాత్తాన్‌లో ఒక పాత ఇంట్లో వంట చేసే పెద్దావిడ దగ్గర మాత్రం నిజంగా నేర్చుకున్నాను. ఆవిడ ముందున్నది మన సన్నికల్లే. వేయించిన ఎండుమిర్చి, మిరియాలు, సోంపు, జీలకర్ర ముందు పొడిగా నలిపి, అవి మెత్తబడ్డాకే కొబ్బరి పెట్టి, నీళ్ళు చిలకరిస్తూ నూరింది. నేను కొబ్బరి కూడా ఒకేసారి వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది. కొబ్బరిలో తడి, నూనె ఊరితే దినుసులు పొత్రం కింద జారిపోతాయి తప్ప నలగవు. మిక్సీలో కూడా ఇప్పుడు అదే వరసలో వేస్తున్నాను, తేడా తెలుస్తోంది.

ఇక కల్పాసి అనే మసాలా దినుసు. మనవాళ్ళు రాతిపువ్వు అంటారు. రాళ్ళ మీద, చెట్ల బెరడు మీద పెరుగుతుంది. ఎండితే బూడిదరంగు, నలుపు కలిసిన ముడతల ముక్కలా ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమంత వాసన రాదు. కాగిన నువ్వుల నూనెలో పడిందా, వంటిల్లంతా గుప్పున తడిమట్టి, పొగ కలిసిన వాసన. సరిగ్గా అప్పుడే చిన్న ఉల్లిపాయలు పడాలి. ఆలస్యమైతే మాడి చేదొస్తుంది. మీ ఆయనతో చెప్పు, యూట్యూబ్‌లో అన్నీ కనిపిస్తాయి కానీ ఈ వాసన రాదని. మన బరంపురం ఇళ్ళలో ఆవనూనె వాడకం ఎక్కువ కదా, దాంతో కల్పాసి వేసే పులుసులు చెయ్యకు. ఆవ ఘాటు ముందు కల్పాసి ఆనదు. వచ్చేటప్పుడు గానుగ నువ్వుల నూనె ఒక డబ్బా తెచ్చుకో.

చెట్టినాడు అంటే కోడికూర అని మనకు అలవాటు చేసింది హోటళ్ళు. శాకాహారంలోనూ కావలసినన్ని ఉన్నాయి. వెండక్కాయ్ మండి, అంటే బెండకాయ పులుసు, నేర్పమని అడుగు. బియ్యం కడిగిన మొదటి నీళ్ళు పారబోసి, రెండోసారి కడిగిన నీళ్ళలో చింతపండు నానబెట్టి పిసుకుతారు. బెండకాయల్ని జిగురు పోయేదాకా నూనెలో విడిగా మగ్గించి, చిన్న ఉల్లి, వెల్లుల్లి, మిరపకాయలు వేగాక ఈ పులుపు పోసి దగ్గరపడేదాకా ఉడికిస్తారు. పిండి కలపక్కర్లేదు, బియ్యం నీళ్ళే పులుసుకు చిక్కదనం ఇస్తాయి. ఇడ్లీలోకైనా, పెరుగన్నంలో నంజుకోవడానికైనా దీన్ని మించింది లేదని నా అభిప్రాయం.

తీపి కావాలంటే కవుని అరిసి. నల్లటి జిగురు బియ్యం. రాత్రంతా నానబెట్టి, మెత్తగా ఉడికించి పంచదార, కొబ్బరి తురుము, నెయ్యి, ఏలకులు కలుపుతారు. వ్యాపారానికి బర్మా వెళ్ళిన చెట్టియార్లు తెచ్చుకున్న రుచి అది. మన గోపాలపూర్ రేవు నుంచి కూడా రంగూన్‌కు ఓడలెక్కి ఎంతమందో పోయారు, కూలిపనికి. పోయిన ఊరు ఒకటే అయినా ఆ బియ్యం మన వంటిళ్ళకి ఎందుకు రాలేదా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. కూలికి పోయినవాడి మూటలో చోటెక్కడిది!

భాష గురించి టెన్షన్ పడకు. యాత్రికులకు నేర్పేచోట ఇంగ్లిష్‌లో చెప్పే మనిషి ఉంటారు. వాళ్ళు చెప్పేది ఒక చెవిన వింటూ, పొయ్యి దగ్గరున్న ఆవిడ చేతులు చూడు. మాంసం వండిన గిన్నెలు వాడొద్దని ముందురోజే ఫోన్ చేసి చెప్పు.

అత్తగారిని బస దగ్గర ఒంటరిగా వదిలి వెళ్ళకు. ఆవిడకీ డబ్బు కట్టి సన్నికల్లు ముందు కూర్చోబెట్టు. నూరడంలో ఆ వంటావిడకే రెండు తప్పులు పట్టగలరు, చీర మాట మర్చిపోతారు.

ప్రశ్న: తమ్ముడు కారైకుడి నుంచి కల్పాసి పొట్లం తెచ్చాడు. ఎంత వెయ్యాలి, ఎలా దాచాలి?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: నలుగురికి సరిపడే పులుసులో బొటనవేలి గోరంత ముక్కలు రెండు చాలు. ఎక్కువైతే కూర మందుల వాసన కొడుతుంది. ముందు బెరడు ముక్కలు, ఇసుక ఏరి పారెయ్యి. కడగకు. గాలి చొరని సీసాలో, తడి తగలకుండా పెట్టు. పొడి కొట్టి దాచొద్దు.