వెన్నుపాము గాయం తరువాత హఠాత్తుగా బీపీ పెరగడం: సమాధానం

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న మీ తమ్ముడికి ఉన్నట్టుండి తలనొప్పి వచ్చి, ముఖానికి చెమటలు పట్టి, బీపీ 160 దాటుతోందనీ, దగ్గరలోని డాక్టరు రోజూ వేసుకొనే మాత్రలు రాశారనీ తెలిపారు. నేను వైద్యుణ్ణి కాను. అయితే పన్నెండేళ్లుగా ఇదే గాయమున్న మా అన్నయ్యను చూసుకుంటున్నాను. ఛాతీ ఆరో వెన్నుపూస స్థాయిలోగాని, అంతకు పైనగాని గాయమైనవారిలో వచ్చే ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా (గాయానికి కింది భాగంలో ఏదైనా ఇబ్బంది కలిగితే బీపీ ఒక్కసారిగా పెరిగిపోయే స్థితి) లక్షణాలు ఇలాగే ఉంటాయి. నిండిన మూత్రాశయం, మలబద్ధకం, పుండు, చివరకు లోపలికి పెరిగిన కాలిగోరు కూడా దీనికి కారణం కావచ్చు. మా అన్నయ్య విషయంలో కారణం మంచం కమ్మీ కింద నలిగిన కేథటర్ (మూత్రం బయటకు పోయే) గొట్టం. దాన్ని సరిచేయగానే సంచి నిండింది, పది నిమిషాల్లో బీపీ దిగింది.

మళ్లీ వచ్చినప్పుడు పడుకోబెట్టవద్దు. నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడదీసి, బిగుతు బట్టలు వదులు చేసి, గొట్టం మొదటి నుంచి చివరిదాకా చూడండి. అయినా తగ్గకపోతే వెంటనే 108కు ఫోన్ చేయండి. వీరికి మామూలు బీపీయే 90–110 మధ్య ఉంటుంది గనుక 140 కూడా ఎక్కువేనని అక్కడివారికి చెప్పండి. మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు.

చూపించవలసింది ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్ (ఇలాంటి గాయాల తరువాత పునరావాస వైద్యం) నిపుణుణ్ణి. వెల్లూరు సీఎంసీలో, ఢిల్లీ ఇండియన్ స్పైనల్ ఇంజ్యురీస్ సెంటర్‌లో ఈ వైద్యం ఉంది. యూరోడైనమిక్ పరీక్ష (మూత్రాశయం పనితీరు చూసేది) అవసరమేమో అడగండి. పాత ఎమ్మారై, బీపీ రాసుకున్న పుస్తకం తీసుకెళ్లండి.