పాలు ఈతను బట్టి, వాయిదా నెల నెలా

ప్రశ్న: ఇంట్లో నలుగురం. చిన్న జాతి పాడి మేకలు రెండు కొని, బయట పాలు మానేద్దామనుకుంటున్నాం. ఒక్కోటి పూటకు ముప్పావు లీటరు ఇస్తుందన్నారు. మేకలకూ పాకకూ పర్సనల్ లోన్ తీసుకుంటే, పాలకు పెట్టే డబ్బుతోనే వాయిదాలు కట్టేయొచ్చు కదా? రెండు నెలల ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది. అది దాణాకు వాడొచ్చా?

జవాబు: వాడకండి. లోనూ తీసుకోకండి. కోళ్లయినా, కుట్టుమిషనైనా "దాని వాయిదా అదే కట్టుకుంటుంది" అనే లెక్కతో రాసేవాళ్లు ఎక్కువయ్యారు. అందుకే మీ ప్రశ్న ఎంచుకున్నాను.

మీ లెక్కన రెండు మేకలూ రోజుకు 3 లీటర్లు, ఏడాదికి 1,095. పూటకు ముప్పావు లీటరన్నది ఈనిన నాలుగు నుంచి ఆరు వారాలప్పటి మాట. ఆ తర్వాత తగ్గుతూ పోతాయి. పది నెలల పాడిలో సగటున రోజుకు లీటరిస్తే మంచి మేకే. మళ్లీ ఈనే ముందు రెండు నెలలు పాలు ఆపేయాలి. అంటే రెండింటికీ కలిపి 600 లీటర్లు. కవలలు పుడితే మొదటి రెండు నెలలు ఒక్కో మేక పాలలో రోజుకు లీటరు దాకా పిల్లలకే పోతుంది. ఆ 120 తీసేస్తే 480. మీరు రాసుకున్నదాంట్లో సగం కూడా కాదు. పైగా అప్పుడే చూడి కట్టిన మేకను కొంటే ఈనడానికి ఐదు నెలలు పడుతుంది. బ్యాంకు అన్నాళ్లు ఆగుతుందా?

మేత ఖర్చుకు వట్టిపోయిన రోజులంటూ ఉండవు. పాలిచ్చేటప్పుడు లీటరుకు 400 గ్రాముల దాకా దాణా అదనం.

ఇక అసలు విషయం, అత్యవసర నిధి. ముందు ఇంటికి ఆరు నెలల ఖర్చు. మీ దగ్గరున్నది రెండు నెలలదే, దాన్ని ముట్టుకోవద్దు. మేకలకు విడిగా మరో నిధి ఉండాలి: రెండింటికీ మూడు నెలల మేత, అడ్డం తిరిగిన కాన్పుకు డాక్టరు ఖర్చు, ఇంకో మేకను కొనేంత డబ్బు. చివరిది మరీ అతి అనిపిస్తుందేమో. దాణా డబ్బా గొళ్లెం ఒక్క రాత్రి సరిగ్గా పడకపోతే చాలు, మేక కడుపు పగిలేలా తినేస్తుంది, తెల్లారేసరికి ఉబ్బి పడి ఉంటుంది. పొదుగు వాపు ఇంకో రకం. పితికేముందు మొదటి రెండు ధారలు నల్లటి గిన్నెలో పట్టి చూడండి. పలుకులు కనిపిస్తే వైద్యం మొదలైనట్టే. యాంటీబయాటిక్ వాడినన్నాళ్లూ, ఆపాక డాక్టరు చెప్పినన్ని రోజులూ ఆ పాలు పారబోయాల్సిందే. అంటే మందుల ఖర్చు, బయట పాల ఖర్చు ఒకే నెలలో పడతాయి. వాటి మీద లోను వాయిదా కూడానా! అది కట్టలేక క్రెడిట్ కార్డు గీకుతారు. ఆ వడ్డీ ముందు మేక పాలెంత?

ఒక్క మేకతో సరిపెడదామనుకోకండి, ఒంటరిగా ఉంటే బెంగపడి అరుస్తూనే ఉంటుంది. ఏడాది పొడవునా ఎదకొచ్చే జాతి దొరికితే రెండింటినీ ఐదారు నెలల తేడాతో కట్టించండి, ఒకేసారి వట్టిపోవు. బీమా తీసుకోండి, కానీ అది చావుకే తప్ప పాలు తగ్గినందుకు రాదు. బీమా గుర్తుగా వేసిన చెవి ట్యాగు ఊడితే వెంటనే కంపెనీకి చెప్పి కొత్తది వేయించండి, అది లేకుంటే క్లెయిం దగ్గర పేచీ వస్తుంది.

కట్టగలననుకున్న వాయిదా మొత్తాన్ని వచ్చే నెల నుంచి రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. రెండు నిధులూ నిండి, ఆపైన మేకలకూ పాకకూ సరిపడా చేరాకే సంతకు వెళ్లండి.